అనుమానితుణ్ణి అప్పగించవచ్చా?

అపొస్తలుల కార్యముల గ్రంథం 21వ అధ్యాయం చివర్లో మనం చదువుతూ ఆగకుండా దాటిపోయే ప్రశ్న ఒకటుంది. యెరూషలేము దేవాలయంలో అల్లరి రేగింది. జనం పౌలును పట్టుకుని బయటకు ఈడ్చి చావగొడుతున్నారు. రోమా సహస్రాధిపతి సైనికులతో పరుగున వచ్చి, ఆయన్ను వారి చేతుల్లోంచి విడిపించి, రెండు సంకెళ్లు వేయించి కోటలోకి తీసుకుపొమ్మన్నాడు. మెట్ల దగ్గర పౌలు గ్రీకు భాషలో మాట్లాడేసరికి ఆ అధికారి తెల్లబోయాడు. కొంతకాలం కిందట తిరుగుబాటు లేపి 4,000 మంది నరహంతకులను అరణ్యానికి వెంటబెట్టుకుపోయిన ఐగుప్తీయుడివి నువ్వు కాదా అని అడిగాడు.

ఆ రోజుల్లో బట్టల్లో చిన్న కత్తులు దాచుకుని, పండుగ గుంపుల్లో కలిసిపోయి మనుషుల్ని పొడిచే ముఠాలు యూదయలో ఉండేవి. యూదు చరిత్రకారుడు జోసీఫస్ వారి గురించి రాశాడు. సహస్రాధిపతి అన్న మాట ఆ ముఠాల పేరే. అంటే ఈనాటి పోలీసు భాషలో చెప్పాలంటే, ఆ మెట్ల మీద నిలబడిన పౌలు ఒక ఉగ్రవాద అనుమానితుడు. పేరు పొరపాటు, మనిషి పొరపాటు, అయినా సంకెళ్లు మాత్రం నిజమైనవే.

ఆ తర్వాత జరిగింది కూడా మనకు ఎక్కడో విన్నట్టే ఉంటుంది. ఈ మనిషి చేసిన నేరమేమిటో అధికారికి తెలియదు. కాబట్టి కొరడాలతో కొట్టించి తెలుసుకోమన్నాడు. పౌలు రోమా పౌరుడు కావడం వల్ల ఆ కొరడా ఆగింది. పౌరుడు కానివాడైతే ఆగేది కాదు. 40 మందికి పైగా యూదులు పౌలును చంపేదాకా అన్నపానాలు ముట్టబోమని ఒట్టు పెట్టుకున్నారు. ఆ సంగతి తెలిసి, 200 మంది సైనికులు, 70 మంది గుర్రపురౌతులు, 200 మంది ఈటెలవారి కాపలాతో ఆయన్ను రాత్రికి రాత్రే కైసరయకు పంపారు. అక్కడ రెండేళ్లు తీర్పు లేని నిర్బంధం. తర్వాత కొత్త అధిపతి ఫేస్తు వచ్చాడు. ఆ మనిషిని మా ఊరికి పంపండి, మేము చూసుకుంటామని యెరూషలేము పెద్దలు అడిగారు. దారిలో చంపాలన్నది వారి ఆలోచన. ఫేస్తు వారిని మెప్పించాలనుకున్నాడు. యెరూషలేముకు వెళ్తావా అని పౌలునే అడిగాడు.

పౌలు ఇచ్చిన జవాబు 25వ అధ్యాయంలో ఉంది. ఆయన విచారణ వద్దనలేదు. మరణానికి తగిన పని చేసివుంటే చావడానికి వెనుదీయనన్నాడు. అయితే తనను వారి చేతికి అప్పగించే అధికారం ఎవరికీ లేదని, కైసరు ఎదుటనే చెప్పుకుంటానని అన్నాడు. విచారణ ఒకటి, అప్పగింత ఇంకొకటి అని ఆయన తేటగా విడదీశాడు. మేము ఈ వారం మాట్లాడదలచుకున్నది ఆ తేడా గురించే.

ఎందుకంటే ఇది రెండువేల ఏళ్ల కిందటితో తీరిపోయిన తగువు కాదు. ఒక దేశంలో పరదేశి ఒకడు ఉంటాడు. ఉగ్రవాదులతో సంబంధాలున్నాయని ప్రభుత్వం అనుమానిస్తుంది. కోర్టులో శిక్ష వేయించేంత సాక్ష్యం ఉండదు, లేదా ఉన్నా గూఢచారుల నుంచి వచ్చింది కనుక బయటపెట్టడం ఇష్టముండదు. అతని స్వదేశం మాత్రం మాకు పంపండి అంటుంది. ఆ స్వదేశపు ఠాణాల్లో మనుషుల్ని తలకిందులుగా వేలాడదీస్తారని, కరెంటు పెడతారని అందరికీ తెలుసు. పంపాలా, ఉంచుకోవాలా?

ఈ ప్రశ్న మీద అందరికంటే ఎక్కువ కాలం నలిగిన వ్యవహారం బ్రిటన్‌లో జరిగిన అబూ ఖతాదాది. అసలు పేరు ఒమర్ ఒత్మాన్. 1960లో బేత్లెహేము దగ్గర పుట్టాడు. అప్పట్లో ఆ ప్రాంతం జోర్డాన్ పాలనలో ఉండేది. 1993లో దొంగ పాస్‌పోర్టుతో బ్రిటన్ చేరి, జోర్డాన్‌లో తనను హింసించారని చెప్పి 1994లో ఆశ్రయం పొందాడు. లండన్‌లో మతబోధకుడయ్యాడు. ఆ బోధలు వినదగినవి కావు. హత్యల్ని సమర్థించే మాటలు వాటిలో ఉన్నాయి. బ్రిటిష్ న్యాయమూర్తులు సైతం ఆయన్ను ప్రమాదకరమైన మనిషిగానే చూశారు. జోర్డాన్ కోర్టులు 1999లోను 2000లోను రెండు బాంబు కుట్ర కేసుల్లో ఆయన లేకుండానే విచారణ జరిపి, కఠిన శిక్షలు వేశాయి. ఒకదానిలో యావజ్జీవం.

2001 సెప్టెంబరు 11 తర్వాత బ్రిటన్ ఒక చట్టం చేసింది. ఉగ్రవాద అనుమానమున్న విదేశీయుల్ని, పంపడానికి వీల్లేనప్పుడు, విచారణ లేకుండానే జైల్లో పెట్టవచ్చన్నది. 2002 అక్టోబరులో అబూ ఖతాదాను అలా పట్టుకున్నారు. ఈ పద్ధతి చెల్లదని 2004 డిసెంబరులో హౌస్ ఆఫ్ లార్డ్స్ న్యాయమూర్తులు తేల్చారు. 2005లో ప్రభుత్వం జోర్డాన్ నుంచి ఒక హామీ పత్రం రాయించుకుంది. పంపినవారిని హింసించబోమని, ఒక స్వతంత్ర సంస్థ జైలుకు వచ్చి చూడవచ్చని అందులో ఉంది. ఇక అక్కడి నుంచి కోర్టు మీద కోర్టు. ఒకటి పంపమంది, ఒకటి వద్దంది, పైది మళ్లీ పంపమంది. చివరికి వ్యవహారం ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ నగరంలో ఉన్న యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానానికి చేరింది.

2012 జనవరి 17న వచ్చిన ఆ తీర్పును తొందరపడి విన్నవారు తప్పుగా అర్థం చేసుకున్నారు. జోర్డాన్ రాసిచ్చిన హామీ సరిపోతుందని, ఆయన్ను స్వయంగా హింసించే ప్రమాదం దానివల్ల తగ్గిందని న్యాయస్థానం ఒప్పుకుంది. అయినా పంపకూడదంది. కారణం వేరు. ఆయన మీద ఉన్న సాక్ష్యం అప్పటికే హింసకు గురైన సహనిందితుల నోటి నుంచి వచ్చింది. కొత్తగా విచారణ జరిగినా దాన్నే వాడే ప్రమాదముంది. ఒకరి వీపు మీద దెబ్బలతో రాసిన వాంగ్మూలంతో ఇంకొకరిని జైలుకు పంపితే అది విచారణే కాదన్నది న్యాయస్థానం చెప్పినదాని సారం.

బ్రిటన్‌లో కోపం మిన్నంటింది. పత్రికలు విరుచుకుపడ్డాయి. అప్పటి హోం మంత్రి థెరిసా మే పార్లమెంటులో ఎన్నిసార్లు సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చిందో లెక్కలేదు. ఆమె ఒక పాస్టరు గారి కుమార్తె అని మన పాఠకుల్లో కొందరికి తెలిసే ఉంటుంది. ఈ కేసు మీద ప్రభుత్వానికి 17 లక్షల పౌండ్లకు పైగా ఖర్చయిందని ఆమే ప్రకటించారు. ఆ కోపాన్ని మనం తేలిగ్గా తీసిపారేయకూడదు. 2005 జూలై 7న లండన్ రైళ్లలో, బస్సులో బాంబులు పేలి 52 మంది చనిపోయిన దేశం అది. బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు పన్నులు కడుతుంటే, ఆ పన్నుతోనే ఇటువంటి బోధకుడికి లాయర్లా అని అడగడం సహజం.

కానీ ఆ తర్వాత జరిగింది చూడండి. పంపలేమని తేలిపోయాక బ్రిటన్ జోర్డాన్‌తో కొత్త ఒప్పందం చేసుకుంది. హింసించి రాబట్టారనిపించే వాంగ్మూలాన్ని, అలా రాబట్టలేదని ప్రభుత్వ న్యాయవాదే రుజువు చేస్తే తప్ప, వాడకూడదని అందులో రాసుకున్నారు. ఈ ఒప్పందం అమలులోకి వస్తే తానే వెళ్లిపోతానని అబూ ఖతాదా చెప్పాడు. 2013 జూలై 7న విమానం ఎక్కాడు. అమ్మాన్‌లో కొత్తగా విచారణ జరిగింది. 2014 జూన్‌లో ఒక కేసు, సెప్టెంబరులో రెండో కేసు కొట్టేశారు. తగిన సాక్ష్యం లేదన్నారు. యావజ్జీవ శిక్ష పడిన మనిషి, అదే దేశపు కోర్టులో, నిర్దోషిగా బయటకు నడిచాడు.

దీనివల్ల ఆయన బోధలు మంచివైపోవు. మేము ఆయనకు యోగ్యతాపత్రం ఇవ్వడం లేదు. అయితే దెబ్బలతో తెచ్చిన మాటల్ని పక్కన పెట్టగానే ఆ కేసుల్లో శిక్ష వేయదగినంత ఏమీ మిగల్లేదన్న సంగతి మాత్రం మిగిలింది. స్ట్రాస్‌బర్గ్ న్యాయమూర్తులు అడ్డుపడకపోతే ఈ సంగతి ఎప్పటికీ బయటకు వచ్చేది కాదు. వాళ్లు పట్టుబట్టడం వల్ల జోర్డాన్ కోర్టే ఒక మెట్టు పైకెక్కింది. ఉగ్రవాదుల్ని కాపాడుతున్నారని వారిని తిట్టినవారెవరూ దీన్ని లెక్కలోకి తీసుకున్నట్టు కనబడదు.

ఈ నియమం అసలు ఎక్కడ గట్టిపడిందో చెబితే మన దేశస్థులకు కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. అది భారతదేశం గురించిన కేసులోనే. కరమ్‌జీత్ సింగ్ చహాల్ అనే సిక్కు పనికోసం 1971లో బ్రిటన్ వెళ్లాడు. 1984లో బంధువుల్ని చూడడానికి పంజాబ్ వస్తే పోలీసులు పట్టుకుని 21 రోజులు ఉంచారు. తనను కొట్టారని, కరెంటు షాకులిచ్చారని ఆయన చెప్పాడు. కేసేమీ పెట్టకుండానే వదిలేశారు. తిరిగి వెళ్లాక ఖలిస్తాన్ ఉద్యమంలో చేరాడు. 1990లో, దేశభద్రతకు ప్రమాదమంటూ బ్రిటన్ ఆయన్ను భారతదేశానికి పంపేయాలని నిర్ణయించి బెడ్‌ఫర్డ్ జైల్లో పెట్టింది. ఆరేళ్లు అక్కడే ఉన్నాడు. చట్టప్రకారం అందరిలాగే రక్షణ ఉంటుందని మన ప్రభుత్వం హామీ ఇచ్చింది. 1996 నవంబరు 15న తీర్పు వచ్చింది. భారత ప్రభుత్వం చిత్తశుద్ధిని శంకించడం లేదు గానీ, పంజాబ్ పోలీసుల్లో కొందరి చేతల్ని ఆ హామీ ఆపగలదన్న నమ్మకం లేదని న్యాయస్థానం అంది. మనిషి ఎటువంటివాడైనా, ఏమి చేసినా, చిత్రహింసల పాలయ్యే చోటికి పంపకూడదంది. చహాల్‌ను విడుదల చేశారు.

ఆ తీర్పు 12 మంది ఒకవైపు, 7గురు ఒకవైపుగా వచ్చింది. ఆ ఏడుగురి మాట కూడా వినాలి. మన గడ్డ మీద మనం ఎవరినీ హింసించకూడదు, అందులో రెండో మాట లేదు. కానీ వేరే దేశంలో వేరేవాళ్లు చేయగల హింస, మన ప్రజలకు ఈ మనిషివల్ల వచ్చే ప్రమాదం, ఈ రెంటినీ ప్రభుత్వం తూచి చూసుకోవద్దా అని వారు అడిగారు. బలమైన ప్రశ్నే. 2002లో కెనడా సుప్రీంకోర్టు కూడా, ఎల్‌టీటీఈకి నిధులు సేకరించాడన్న ఒక శ్రీలంక తమిళుడి కేసులో, సాధారణంగా పంపకూడదంటూనే అసాధారణ పరిస్థితులకు తలుపు కాస్త తెరిచి ఉంచింది. బ్రిటన్ ఆ తక్కెడ వాదాన్నే మళ్లీ పట్టుకుని 2008లో ఇటలీకి చెందిన ఒక కేసులో జోక్యం చేసుకుంది. ఇటలీ ఒక ట్యునీషియా వాసిని వెనక్కి పంపాలనుకుంది. ఈసారి 17 మంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా కాదన్నారు.

తక్కెడ ఎందుకు పనికిరాదో తెలియాలంటే ఆ తక్కెడలో ఒకవైపు ఎవరు కూర్చున్నారో చూడాలి. మాహెర్ అరార్ సిరియాలో పుట్టి కెనడా పౌరుడైన ఇంజనీరు. 2002 సెప్టెంబరు 26న సెలవుల నుంచి ఇంటికి తిరిగి వెళుతూ న్యూయార్క్‌లో విమానం మారుతుంటే అమెరికా అధికారులు ఆపారు. కెనడా పోలీసులు ఇచ్చిన తప్పుడు సమాచారమే దానికి ఆధారం. ఇంటికి పంపమని వేడుకున్నా వినకుండా జోర్డాన్ మీదుగా సిరియాకు చేరవేశారు. 3 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు, 7 అడుగుల ఎత్తున్న గది. ఆయన దాన్ని సమాధి అన్నాడు. పది నెలలకు పైగా అందులో ఉన్నాడు. కరెంటు వైరుతో కొడుతుంటే, ఎన్నడూ వెళ్లని ఆఫ్ఘనిస్తాన్‌లో శిక్షణ పొందానని ఒప్పుకున్నాడు. 2003 అక్టోబరులో వదిలారు. కెనడా నియమించిన విచారణ కమిషన్ 2006లో, ఆయన ఏ తప్పూ చేసినట్టు ఆధారం లేదని తేల్చింది. మరుసటి ఏడాది కెనడా ప్రధాని క్షమాపణ చెప్పి 1.05 కోట్ల కెనడా డాలర్ల పరిహారం ఇప్పించారు. పంపిన అమెరికా మాత్రం కోర్టుల్లో కూడా ఆయన గోడు విననివ్వలేదు.

ఇది యుద్ధోన్మాదంలో ఉన్న దేశం చేసిన పని, పద్ధతిగల దేశాలు ఇలా చేయవనుకుంటాం. స్వీడన్ అంత పద్ధతిగల దేశం మరొకటి ఉందా? లూథరన్ సంఘం శతాబ్దాలుగా వేళ్లూనుకున్న నేల. 2001 డిసెంబరు 18న ఆ ప్రభుత్వం ఇద్దరు ఈజిప్టువాళ్ల ఆశ్రయ దరఖాస్తును తోసిపుచ్చి అదే రోజు రాత్రి స్టాక్‌హోంలోని బ్రొమ్మా విమానాశ్రయంలో అమెరికన్లకు అప్పగించింది. ముఖాలకు ముసుగులు వేసి, ఒంటిమీది బట్టలు కత్తిరించి, కైరోకు తీసుకుపోయారు. హింసించబోమని ఈజిప్టు రాసిచ్చిన కాగితం స్వీడన్ చేతిలో ఉంది. ఆ కాగితం ఆ ఇద్దరినీ కాపాడలేదు. స్వీడన్ ఒప్పందాన్ని ఉల్లంఘించిందని ఐక్యరాజ్యసమితి కమిటీ 2005లో తప్పుపట్టింది. తర్వాత స్వీడన్ పరిహారం చెల్లించింది.

మన సంఘాల్లో ఈ మాట ఎత్తితే వెంటనే వచ్చే జవాబు రోమా పత్రిక 13వ అధ్యాయం. అధికారులు ఊరకే ఖడ్గం ధరించలేదు కదా అంటారు. నిజమే. కీడు చేసినవాణ్ణి శిక్షించడానికే ఆ ఖడ్గం. అయితే కీడు చేశాడో లేదో తేల్చకుండా, తన చేతికి రక్తం అంటకుండా, పక్క దేశపు ఖడ్గానికి మెడ పట్టి తోసెయ్యమని పౌలు ఎక్కడా రాయలేదు. అలా తోసేస్తారని భయపడే ఆయన కైసరు పేరెత్తాడు. నేరారోపణ ఎదుర్కొంటున్నవాడు తన మీద నేరం మోపినవారిని ముఖాముఖిగా చూసి జవాబు చెప్పుకునేదాకా అతణ్ణి అప్పగించడం రోమా ఆచారం కాదని ఫేస్తే చివరికి అగ్రిప్ప రాజుతో చెప్పుకున్నాడు.

పాత నిబంధనలో ఈ విషయం మీద రెండు రకాల కథలూ ఉన్నాయి. యజమాని దగ్గర్నుంచి పారిపోయి వచ్చిన దాసుణ్ణి తిరిగి అతనికి అప్పగించవద్దని ద్వితీయోపదేశకాండము 23లో ఆజ్ఞ ఉంది. తప్పించుకు పారిపోతున్నవారిని అడ్డదారుల్లో కాపువేసి పట్టిచ్చినందుకు ఓబద్యా ప్రవక్త ఎదోమును గద్దించాడు. ఇటువైపు చూస్తే, ఆబేలు పట్టణంలో ఒక జ్ఞానవంతురాలు షెబ అనే తిరుగుబాటుదారుడి తలను యోవాబు ముందు పడవేయించి ఊరిని కాపాడింది. రెండో సమూయేలు 20లో ఉంది. దీన్ని చూపించి, ఊరి కోసం ఒకణ్ణి అప్పగించవచ్చు కదా అని వాదించేవారున్నారు. షెబ అనుమానితుడు కాదు, బహిరంగంగా బూర ఊది తిరగబడ్డవాడు. పట్టణం చుట్టూ ముట్టడిదిబ్బ లేచి ఉంది. అలాంటి చోట జరిగిన దాన్ని తీసుకొచ్చి విమానాశ్రయంలో సంతకం పెట్టే అధికారికి మాదిరిగా చూపడం మాకు సరిగా తోచదు. దానికంటే దగ్గరి పోలిక న్యాయాధిపతులు 15లో ఉంది. ఫిలిష్తీయులు మన మీదికి వస్తారన్న భయంతో 3,000 మంది యూదావారు వెళ్లి సమ్సోనును కొత్త తాళ్లతో కట్టి అప్పగించారు. మేము నిన్ను చంపం, కట్టి వారికి ఇస్తామంతే అన్నారు. ఈ మూడువేలమందీ తమ చేతికి మచ్చ అంటలేదనుకుని ఇంటికి వెళ్లి ఉంటారు.

సువార్తల్లో యూదా, ప్రధాన యాజకులు, పిలాతు ముగ్గురూ ప్రభువు విషయంలో చేసిన పనికి వాడిన క్రియ ఒకటే, అప్పగించడం. ఒకరు వీరికి, వీరు వారికి, వారు సైనికులకు. ప్రతి చేయీ తర్వాతి చేతి మీదికి నెట్టింది. మధ్యలో ఒకాయన నీళ్లు తెప్పించుకున్నాడు కూడా. జనమంతా నశించే బదులు ఒక్కడు చావడం మేలన్న కయప లెక్క కూడా తక్కెడ లెక్కే.

మరి ప్రమాదకరమైన మనిషిని ఏం చేయాలి? కోర్టులో పెట్టాలి. సాక్ష్యం చాలకపోతే కనిపెట్టి ఉండాలి. బ్రిటన్ రాత్రిపూట ఇల్లు కదలనివ్వకుండా, కాలికి ఎలక్ట్రానిక్ పట్టీ వేసి, ఫోనూ ఇంటర్నెట్టూ కట్టడి చేసి చూసింది. అవీ విమర్శలకు అతీతమైనవి కావు, ఖర్చు తక్కువవీ కావు, అన్నివేళలా పనిచేస్తాయన్న భరోసా లేదు. ఈ దారిలో నష్టమే లేదని చెప్పేవారిని మేము నమ్మం. ఆ నష్టం భరించాలనే మా అభిప్రాయం. ఎందుకంటే రెండో దారిలో హింసించే గదిదాకా మనిషిని నడిపించుకుపోయేది మనమే. తలుపు అవతల ఉన్నది వేరే ప్రభుత్వమన్నది మన తృప్తికి చెప్పుకునే మాట.

ఇంకొక సంగతి. ఇదే నియమం కింద మనవాళ్లూ తలదాచుకుంటున్నారు. ఇరాన్ నుంచి స్వీడన్ వచ్చి అక్కడ క్రీస్తును నమ్ముకున్న ఒక వ్యక్తిని వెనక్కి పంపాలనుకుంటే, మతం మార్చుకున్నందుకు అక్కడ అతనికేమవుతుందో విచారించకుండా పంపకూడదని 2016లో స్ట్రాస్‌బర్గ్ పెద్ద ధర్మాసనం చెప్పింది. చహాల్‌ను కాపాడిన మూడో అధికరణం, ఆ ఇరాన్ విశ్వాసికి ఆసరా అయినది, ఒకటే. దానికి మినహాయింపులు తొలిస్తే ఆ కన్నం ఎవరికెంత పెద్దదవుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. ఎన్నో దేశాల్లో గృహ సంఘం నడిపే కాపరి కూడా రికార్డుల్లో దేశభద్రతకు ముప్పే.

ఇక మన దేశం. 1995 డిసెంబరు 17 రాత్రి పశ్చిమ బెంగాల్‌లోని పురూలియా పల్లెల మీద విమానం నుంచి తుపాకులు, లక్షల తూటాలు రాలిపడ్డాయి. ఆ వ్యవహారంలో ముఖ్య నిందితుడు కిమ్ డేవీ అనే డెన్మార్క్ దేశస్థుడు, అసలు పేరు నీల్స్ హోల్క్. అతను తప్పించుకుపోయాడు. పంపడానికి డెన్మార్క్ ప్రభుత్వం 2010లో ఒప్పుకుంది. ఆ దేశపు కోర్టులు ఒప్పుకోలేదు. భారతదేశంలో అతన్ని హింసించే ప్రమాదముందని 2011లో హైకోర్టు అంది. ఢిల్లీకి కోపం వచ్చి దౌత్య సంబంధాలు తగ్గించుకుంది. 2024 ఆగస్టులో డెన్మార్క్ కోర్టు మళ్లీ అదే చెప్పింది. ముంబై 26/11 కేసులో తహవ్వుర్ రాణా కూడా అమెరికా సుప్రీంకోర్టు ముందు ఇదే భయం చెప్పుకున్నాడు. అక్కడ ఆ మాట చెల్లలేదు, 2025 ఏప్రిల్ 10న అతణ్ణి ఢిల్లీ తెచ్చారు. అబూ సలేం విషయంలో 2005లో పోర్చుగల్ మరణశిక్ష ఉండకూడదని, 25 ఏళ్లకు మించి జైలు ఉండకూడదని ముందే మాట తీసుకుని పంపింది. 2022లో మన సుప్రీంకోర్టు ఆ మాట నిలబెట్టుకోవాలని ప్రభుత్వానికి గుర్తుచేసింది. ఇచ్చిన మాటకు విలువ అలా పెరుగుతుంది.

డెన్మార్క్ న్యాయమూర్తులు మనల్ని అవమానించారని అనేవారికి ఒకటే అడగాలి. ఆ మాట అబద్ధమని గుండెమీద చేయివేసుకుని చెప్పగలమా? 2020 జూన్‌లో తమిళనాడు సాత్తాన్‌కుళంలో, లాక్‌డౌన్ వేళ దాటి సెల్‌ఫోన్ల కొట్టు తెరిచి ఉంచారంటూ పట్టుకుపోయిన తండ్రీకొడుకులు పోలీసుల దెబ్బలకు చనిపోయారు. వాళ్లు మన విశ్వాసులే. ఇంకా దగ్గర చూస్తే, 2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదు పేలుడు తర్వాత పాతబస్తీ కుర్రాళ్లను పట్టుకుపోయి హింసించారన్న ఫిర్యాదులు మనమంతా పేపర్లో చదివినవే. వారు కోర్టుల్లో నిర్దోషులుగా బయటకు వచ్చారు.

హెబ్రీ పత్రిక చివరి అధ్యాయం ఖైదులో ఉన్నవారిని వారితో కూడా మనమే ఖైదులో ఉన్నట్టు తలచుకోమంటుంది. దెబ్బలు తినే శరీరం మనకూ ఉంది గనుక కష్టాలపాలైనవారిని మరవవద్దంటుంది. అందులో నిర్దోషులైన ఖైదీలు అని లేదు. మన ఆదివారపు ప్రార్థన చీటీల్లో పరీక్షలు రాసేవారుంటారు, వీసా కోసం చూసేవారుంటారు, ఆపరేషన్‌కు వెళ్లేవారుంటారు. ఠాణా లాకప్‌లో ఉన్నవారి పేరు రావడం అరుదు. వచ్చినా, ఏం చేశాడట అన్న గుసగుస ముందు వస్తుంది.

చిత్రహింసల నిషేధ ఒప్పందాన్ని ఐక్యరాజ్యసమితి 1984లో ఆమోదించింది. ఎవరినీ హింస ఎదురయ్యే దేశానికి పంపరాదన్నది అందులో మూడో అధికరణం. భారతదేశం 1997లో దానిమీద సంతకం చేసింది, ధ్రువీకరించలేదు. ధ్రువీకరణకు దారి వేసే బిల్లును 2010లో లోక్‌సభ ఆమోదించింది. రాజ్యసభ సెలెక్ట్ కమిటీ దాన్ని సరిదిద్ది ఇచ్చింది. అది చట్టం కాకుండానే మురిగిపోయింది. 2017లో లా కమిషన్ తన 273వ నివేదికతో పాటు మరో ముసాయిదా రాసి ప్రభుత్వం చేతికిచ్చింది. విదేశాల నుంచి నిందితుల్ని రప్పించుకోవడానికి కూడా ఈ చట్టం అవసరమన్న వాదన అప్పటికే కోర్టుల్లో వినిపిస్తోంది. పురూలియా కేసులో పట్టుబడినవారికి 2000లో యావజ్జీవ శిక్షలు పడ్డాయి, తర్వాత కొన్నేళ్లకే వారందరూ విడుదలై వారి వారి దేశాలకు వెళ్లిపోయారు. ముఖ్య నిందితుడు మాత్రం ఏ భారతీయ న్యాయమూర్తి ముందూ ఇంతవరకు నిలబడలేదు.